నెల రోజుల రష్యన్

మేరమ్మ వంగి హలీనా కాళ్ళు పట్టుకుంది. బాప్టిస్టు సంఘంలో పుట్టిన మనిషి, సాటి మనుషుల కాళ్ళు పట్టుకోకూడదని తెలుసు. కానీ అంతకుముందే దేవుణ్ణి అడిగి చూసింది.

"నాకు ఆడొక్కడే సయామా. నీకొచ్చిన నాలుగు రస్యన్ ముక్కలు ఆడికి నేర్పు."

టీచరమ్మను ఇక్కడ సయామ అంటారు. బర్మాలోని ఈ పజుండౌంగ్ పేటలో మేరమ్మ ఇంటి పై వాటాలో హలీనా చేరి ఎనిమిదేళ్ళు. ఓడలో పనిచేసే బర్మా మనిషిని పెళ్ళాడి నల్ల సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. మొగుడు పోయాక పిల్లలకు పియానో నేర్పుకుంటూ ఉండిపోయింది. సందులో అందరికీ ఆవిడ "రష్యన్ గలీనా".

"రష్యన్ కాదు, యుక్రేన్. గలీనా కాదు, హలీనా" అని ఎనిమిదేళ్ళుగా చెబుతూనే ఉంది. వినడానికి సందుకు తీరిక లేదు. తెల్లగా ఉంటే రష్యన్, నల్లగా ఉంటే ఇండియా నుంచి వచ్చిన కలా, అంతే. "మేం అరవోళ్ళం కాదు, తెలుగోళ్ళం" అని మేరమ్మ కూడా కూరగాయల బండి దగ్గర నలభై ఏళ్ళు చెప్పి, ఆ మధ్యే మానేసింది.

సైన్యంలో చేర్చుకోవడానికి వార్డు ఆఫీసులో చీటీలు తీశారు. ఏ లాటరీలోనూ తగలని మేరమ్మ కొడుకు నాథన్ పేరు ఇందులో తగిలింది. నెల గడువు. ఈలోగా ఏజెంటు ఆంగ్ ఆంగ్ ఒక దారి చూపించాడు. రష్యాలో టైర్ల ఫ్యాక్టరీ. కాస్త రష్యన్ వస్తే చాలన్నాడు.

"పంపకు" అంది హలీనా, వచ్చీరాని బర్మా భాషలో. "అక్కడ టైర్లూ లేవు, గియర్లూ లేవు. తీసుకెళ్ళి మా మీదికే తోలుతారు."

"నీ తమ్ముడు యుద్దంలో ఉన్నాడు, నీకలాగే ఉంటాది. ఇక్కడుంటే ఆడికి తుపాకీ కాయం. అక్కడ కాయితం మీదైనా టైర్లున్నాయి."

హలీనాకు ఇంకో చిక్కు ఉంది. చిన్నప్పుడు బడిలో తన భాష మాట్లాడితే పల్లెటూరి మొద్దని నవ్వేవాళ్ళట. ఆ సిగ్గుతో ఇంట్లో తల్లితో కూడా రష్యనే మాట్లాడింది. తమ ఊరి మీద బాంబులు పడిన రోజున, ఇక ఆ రష్యన్ నోట రానివ్వనని తల్లి ఫొటో మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకుంది.

"ఒట్టు తీసి గట్టున పెట్టు సయామా. ఫొటో ఏటీ అనుకోదు. ఆయమ్మా ఓ తల్లే."

హలీనా ఫొటోకి పట్టిన దుమ్ము తుడిచింది.

"పంపడం ఖాయమా?"

"కాయమే."

"అయితే రేపు పొద్దున్నే రమ్మను. నేను నేర్పినట్టే నేర్చుకోవాలి."

ఆ నెలంతా పాఠాలే. నా పేరు నాథన్. నీళ్ళు కావాలి. బర్మా నుంచి వచ్చాను. అన్నిటికన్నా పొడుగ్గా ఒక దండం మాట ఉంది. కొత్తవాళ్ళు ఎదురుపడితే రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి, గట్టిగా చెప్పాలట. అదే మర్యాదట.

"అచ్చం మన చర్చిలో అల్లెలూయా లాగే ఉందిరా" అని మురిసిపోయింది మేరమ్మ.

కానీ ఆ చదువు చెప్పే తీరే అర్థం కాలేదు. నాథన్ అన్నం తింటుంటే హలీనా వెనక నుంచి వచ్చి మూకుడు నేలకేసి కొట్టేది. అదిరిపడ్డ వాణ్ణి "దండం" అని గద్దించేది. మెట్లెక్కించి, పరిగెత్తించి, రొప్పుతుంటే చెప్పించేది. మూకుడికి మూడు సొట్టలు పడ్డాయి. అది మేరమ్మ మూకుడే. కొడుకు కోసం ఊరుకుంది.

నాథన్ వెళ్ళాడు. పదిహేను రోజులకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడ టైర్లు లేవే. యూనిపారం ఇచ్చారు. ఆఫీసరుకి దండం మాట చెబితే చెంప పగలగొట్టాడు. ఇంకోపాలి అంటే చంపేస్తానన్నాడు."

ఫోన్ తెగిపోయింది.

మేరమ్మ మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కింది. "తమ్ముడి పగ నా బిడ్డ మీద తీర్చుకున్నావా? ఏం బూతు నేర్పావే ఆడికి?"

హలీనా ఒక్క మాటే అడిగింది.

"మర్చిపోయాడా?"

మేరమ్మ గుమ్మంలో ఉమ్మేసి దిగిపోయింది. ఎప్పుడూ పంపే ఆదివారం కూర గిన్నె ఆ తర్వాత పైకి వెళ్ళలేదు. పైనుంచి పియానో కూడా వినపడలేదు. ఆంగ్ ఆంగ్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మేరమ్మ ప్రార్థనలో కొడుకు పేరు తలచుకునేది. పై వాటా మనిషి పేరు వేరే విధంగా తలచుకునేది. ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు.

అయిదో నెలలో ఏదో కొత్త నంబరు మోగింది.

"అమ్మా, నాను. బతికే ఉన్నాను."

మేరమ్మ ఫోన్‌ను రెండు చేతులతో చెవికి అదుముకుంది.

"బండిలో ఎనిమిది మందిమి ఎల్లాం. బాంబు పడింది. నానొక్కణ్ణే మిగిలాను. పొగలోంచి కొందరొచ్చి తుపాకులెత్తారు. అంత బయంలో ఇంకేటీ గుర్తు రాలేదమ్మా. సయామ మూకుడు కొట్టినట్టే అనిపించి, చేతులు వాటంతట అవే లేచాయి. దండం మాట అరిచేశాను."

"కొట్టారా బాబూ?"

"తుపాకులు దించేశారు. నీళ్ళిచ్చారు. ఒక పెద్దాయన నన్ను పట్టుకొని ఏడ్చాడు."

"పోన్లే. ఆ రస్యావోళ్ళలోనూ మంచోళ్ళున్నారు."

"రస్యావోళ్ళు కారమ్మా, ఈళ్ళు సయామ దేశపోళ్ళు, నాకు సయామ ఒక్క రస్యన్ ముక్కా నేర్పలేదు, ఆ దండం మాటకి ఈళ్ళ బాసలో అర్దం ‘కాల్చకండి, మా అమ్మకి నేనొక్కణ్ణే’ అనంట."