పొగమంచులో కూసిన కోడి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గౌరమ్మ. దీన్ని మార్చి చెప్పేవాళ్ళంటే నాకిప్పటికీ పడదు.

చెరువు వాళ్ళందరికీ తెల్లారిందని చెప్పడం కోడి ఉద్యోగం. ఒకనాడు పాలలాంటి మంచు కమ్మి, చెరువంతా కలలో ఉన్నట్టుంది. కోడి కూసింది. ఆ చెరువుకు దొరసాని అయిన పెద్దబాతుకు సూర్యుడు కనపడలేదు.

"తప్పుడు కూత కూశావు. రేపట్నుంచి రాకు," అని అందరి ముందూ అరిచింది.

"తెల్లారింది దొరసానీ. నన్ను నమ్మకపోతే తామరని అడుగు."

బాతు మంచులో ఈదుకుంటూ వెళ్ళింది. తామర నిండుగా విచ్చుకుని ఉంది.

"ఎప్పుడు విచ్చుకున్నావే?"

"కోడి కూసేసరికే."

బాతు తిరిగొచ్చి, "సరే, రేపు రా," అని గొణిగింది.

"తీసేసేటప్పుడు అరిచావు, పిలిచేటప్పుడు గొణుగుతావేం? గట్టిగా చెప్పు."

బాతు చెప్పలేదు. మర్నాటి నుంచి కోడి కూయడానికి వెళ్ళలేదు. అక్కడి బాతుపిల్లలు ఇప్పటికీ కోడిదే తప్పంటాయి. అటుగా వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, తామర చెప్పిన మాట వాటికి గట్టిగా చెప్పండి.