ఆఖరి ఆకు గుండుసూది

“మళ్ళీ గుండుసూదా?” బాబూరావు పుస్తకం చివరి ఆకులు రెండూ కలిపి గుచ్చిన సూదిని పీకి బల్ల మీద పెట్టాడు. “లైబ్రరీ పుస్తకమమ్మా ఇది. చిల్లులు పెడితే ఎలా?”

“ఈసారి మెల్లగా గుచ్చుతానండి,” అంది రిబ్కా, చంకలో పాపను సర్దుకుంటూ.

“ఆఖరి పేజీ చదవకుండానే తిరిగిచ్చేస్తున్నావు. ఇది ఎనిమిదోది. నచ్చలేదా?”

“లేదండి. సూది తియ్యాల్సిన పని పడలేదు.”

పోయిన నెలే రేపల్లె నుంచి తెనాలికి బదిలీ మీద వచ్చిన బాబూరావుకు ఇలాంటి మనిషి ఎక్కడా తగల్లేదు. దెయ్యాల కథలిచ్చాడు. హత్యల నవలలిచ్చాడు. అన్నీ సూదితోనే తిరిగొచ్చాయి.

“నాకైతే కలలాంటి కథలిష్టం. ఏది నిజమో తేలదు. చదివాక రెండ్రోజులు మనింటి తలుపు తియ్యాలన్నా గుబులే,” అన్నాడు. “పసిపిల్ల తల్లివి, నీకెందుకమ్మా ఇవి? కుటుంబ కథలు తీసుకెళ్ళు.”

“నాకూ భయమేనండి. అయినా అదే ఇవ్వండి.”

“ఏం పంతం ఇది?”

“పంతమేనండి. సూది తియ్యకుండా ఉండలేని కథ ఒక్కటైనా ఉంటుంది. దొరికేదాకా వస్తాను.”

కింది అరలోంచి అట్ట ఊడిన పుస్తకం ఒకటి తీశాడు. “ఇదే ఆఖరిది. ఇదీ కాకపోతే నా దగ్గర ఇంకేం లేవు.” కార్డు మీద ఆమె భర్త మనోహర్ పేరు చూసి నంబరు రాసుకున్నాడు.

ఇంకేం లేవన్న మాటకి రిబ్కా ఆ అరలోకి తనూ ఒకసారి వంగి చూసింది. బల్ల మీది సూదిని మాత్రం మర్చిపోకుండా జాకెట్టుకు గుచ్చుకుంది.

ఇంటికెళ్ళి రెండు గిన్నెల్లో జావ చల్లార్చింది. తాగించడం అయ్యాక మంచం పక్క కుర్చీలో పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుని, ఆఖరి ఆకులకు సూది గుచ్చి, మొదటి పేజీ తెరిచింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషి. వేలు పెట్టుకుని గట్టిగా పైకి చదువుతుంది.

“పసిదాని దగ్గర ఇవేం కథలే, జడుసుకుంటుంది,” వంటింట్లోంచి అత్త విజయమ్మ గొణిగింది.

“జడుసుకునేది నేనే అత్తయ్యా.”

కథలో ఒకతను పొద్దున్నే లేచి చూస్తే వీధిలో ప్రతి ఇంటికీ తన ఇంటి తలుపే ఉంది. ఏది తట్టినా తన భార్యే తీస్తుంది. మంచినీళ్ళిచ్చి, ఎవరండీ మీరు అంటుంది. ఇల్లు మారేకొద్దీ ఆమె ముసలిదవుతోంది. రిబ్కా పాపను ఇంకా దగ్గరికి లాక్కుంది. అయినా ఆపలేదు. రోజూ కొంచెం చొప్పున, మూడో రోజుకి వీధి చివరి ఇంటికి చేరింది. అతను తట్టకముందే లోపల ఎవరో గడియ తీస్తున్న చప్పుడు.

అక్కడ సూది.

రిబ్కా పుస్తకం మూసి కుర్చీలో పెట్టింది. “ఇవాళ్టికింతే,” అని పైకే అంది. పాపను భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం వైపు నడిచింది. ఒక అడుగు. రెండు. మూడు.

“సూది తియ్యి,” అన్నాడు మంచంలోంచి, బండి మీద నుంచి పడ్డాక ఐదు నెలలుగా నోరు విప్పని మనోహర్.