రేంజరు గారి పగడం

గైడ్ అటు తిరగగానే వెంకటనారాయణ పగడపు కొమ్మను పుటుక్కున విరిచి నిక్కరు జేబులో దోపుకున్నాడు.

భద్రాచలం అడవుల్లో ఆయన రేంజ్ ఆఫీసర్. దూలయ్య అనే ముసలాయన ఒక్క వెదురు కొట్టుకున్నాడని, ఆఫీసు ముందు పొద్దంతా ఎండలో నిలబెట్టిన మనిషి. ఆ ఏడు సెలవు పెట్టి, ఖమ్మం నుంచి బయల్దేరిన టూరు బృందంతో లక్షద్వీప్ వచ్చాడు. మాస్కు పెట్టుకుని మునిగితే నీళ్ళ కింద ఇంకో అడవి కనబడింది. రంగురంగుల చేపలు, ఎగురుతున్నట్టు ఈదే తాబేళ్ళు, ఊదారంగు పగడాల పొదలు. ముట్టుకోవద్దని, పట్టుకుపోతే జైలేనని గైడ్ ముందే చెప్పాడు. ఆ మాట విన్నాకే ఆయనకు ఆశ పుట్టింది.

తిరుగు ప్రయాణం రోజు దీవి జెట్టీ దగ్గర సామాన్లు విప్పి చూస్తున్నారు. ఆయన జేబులోని కొమ్మను తడుముకున్నాడు.

పక్కనే భారతమ్మ ఉంది. దుమ్ముగూడెం రైతు ఇంటి మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. భద్రాచలం గుడికి పోయేటప్పుడల్లా సంచితో ఆయన జీపే ఎక్కేది. తాబేళ్ళను చూసి కూర్మావతారానికి దండం పెట్టుకుంటానని బృందంతో వచ్చింది. దారి పొడుగునా ఆయనకు సకినాలు పెట్టింది. ఆమె మంచినీళ్ళకు వెళ్ళగానే కొమ్మను తువ్వాలులో చుట్టి, ఆమె సంచిలో చీరల మీద పెట్టేశాడు.

రామనామం జపిస్తూ నడిచివచ్చిన పెద్దావిడ సంచిని ఎవరూ విప్పలేదు.

ఓడలో ఆడవాళ్ళ క్యాబిన్ వేరు. కొచ్చిలో దిగాక గానీ ఆయనకు సందు దొరకలేదు.

"సంచి గిటియ్యమ్మా, నేను మోస్త."

"మీకెందుకు సారూ శ్రమ?"

"శ్రమేంది? మా అమ్మసొంటిదానివి."

ఆమె నవ్వుతూ సంచి అందించి వెనక నిలబడిపోయింది. రెండడుగులు వేసేసరికి రేవు గేటు దగ్గర మళ్ళీ తనిఖీ. అక్కడి ఆఫీసర్ తువ్వాలు తీశాడు. దాని కింద చీరలు తీశాడు. వాటి కింద, ఒకదానిలో ఒకటి పేర్చిన సముద్రపు తాబేలు చిప్పలు.

వెంకటనారాయణ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"ఇవి నావి కావు సార్! ఆ పగడం ఒక్కటే నాది!" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆఫీసర్ ఇక ఏమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు.

గేటు బయట భారతమ్మ అల్లుడు కిరాయి కారుతో ఎదురుచూస్తున్నాడు.

"సరుకేదత్తా?"

"పట్టుకున్నరు బిడ్డా," అంది భారతమ్మ కారెక్కుతూ. "ఇన్నేండ్ల సంది మన జింక తోళ్ళన్నీ గీ సారు జీపులనే దాటినయ్, గివ్వే దాటకపాయె!"