తేరని బీరు

ఆ శనివారం పొద్దున షాంటిలీ ఊరి మీద ఆకాశం నీళ్ల మజ్జిగలా ఉంది. యాభై ఎనిమిదేళ్ల రాధాకృష్ణ గరాజ్‌లో ఫ్రిజ్ తలుపు తీసి, పీపా కుళాయి కింద గ్లాసు వంచి పట్టుకున్నాడు. ఇంట్లో తను కాచిన బీరు నురగ కట్టుకుంటూ దిగింది. గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

మసక.

పది రోజులుగా ఇదే వరస. మడ్డి విరగడానికని కాచేటప్పుడు సముద్రపు నాచు వేశాడు. పులిసిన తర్వాత పీపాలోకి మార్చి, గడ్డకట్టకుండా ఉండే చివరి చల్లదనంలో పెట్టాడు. మడ్డి అడుక్కి దిగాలి, పైది అద్దంలా తేరాలి. తేరదే! జెలటిన్ కలిపితే రెండు రోజుల్లో తేరుతుంది. కానీ అది పశువుల ఎముకల సరుకు. సాయంత్రం వచ్చేవాళ్లలో సగం మంది శనివారం బీరు తాగుతారు గానీ గుడ్డు ముట్టరు. చిన్నప్పుడు అమ్మ కాలవ నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేది. తెల్లారేసరికి బిందె అడుగున పడ్డ మెతుకు కూడా కనపడేది. ఈ పరాయి దేశంలో చిల్లగింజ ఎవడిస్తాడు?

అయిదింటికి నాలుగు కుటుంబాలు వస్తాయి. పోయిన వేసవిలో వచ్చినవాళ్లే. అప్పుడు పోసిన బీరు కుడితిలా ఉంది. అయినా అందరూ "సూపర్, సూపర్" అన్నారు. ఒకాయన ఎలా చేశారో రాసి పంపమన్నాడు కూడా. వాళ్లు వెళ్లాక కంచాలు తీస్తుంటే డెక్ మీద పూలకుండీల వెనక ఏడు నిండు గ్లాసులు దొరికాయి. మిగతావాళ్లు కరివేపాకు కుండీలో వంచి పోయారు. ఆరు చలికాలాలు ఇంట్లో పెట్టి సాకిన మొక్క వారం తిరక్కుండా మాడిపోయింది. భార్య లక్ష్మి కంటతడి పెట్టుకుంది.

అప్పట్నుంచీ బీరు విషయంలో రాధాకృష్ణ ఒకరి మాట నమ్మడం మానేశాడు. తన కంటికి ఆనాల్సిందే. ఈసారి అదే మనుషుల చేతుల్లో తేట బీరు పెట్టాలి. వాళ్లంతట వాళ్లు రెండో గ్లాసు అడగాలి. ఏడాదిగా అదొక్కటే పట్టుదల.

గ్లాసు వంటింట్లోకి తెచ్చాడు. లక్ష్మి పోపు వేస్తోంది.

"చూడు."

"తేరిందండీ. మొన్ననే తేరింది."

"తల తిప్పకుండానే చెప్పావు."

"పొద్దుట్నించి నాలుగుసార్లు తిప్పాను. తలా గరిటే రెండూ తిప్పాలంటే నావల్ల కాదు."

"పోయినేడు కూడా బాగుందనే అన్నావు."

ఆవిడ పొయ్యి తగ్గించింది. పోయినేడు అబద్ధం చెప్పిన మాట నిజమే.

అతను గ్లాసు వెనక సరుకుల కొట్టు కరపత్రం పెట్టి చదవబోయాడు. తేరిన బీరులోంచి అక్షరాలు చదవగలగాలి. అవి తడిసిన సిరాలా అలుక్కుపోయాయి.

కూతురు భవిత కారు తాళాలు వెతుక్కుంటూ మెట్లు దిగింది. గ్లాసు వైపు వంగి చూసింది.

"నాన్నా, ఇట్స్ సో క్లియర్! నీ ఫేస్ కనిపిస్తుంది నాకు, ఇందులోనించి."

"కారు కావాల్సిన రోజు నేనేం చేసినా నీకు క్లియర్‌గానే ఉంటుంది."

"ఓ మై గాడ్, నాన్నా!" తాళాలు బల్ల మీద పడేసి మళ్లీ పైకి వెళ్లిపోయింది.

పన్నెండింటికి కౌస్తుభ్ ఐసు సంచులతో గరాజ్‌లోకి వచ్చాడు. ఆఫీసులో రాధాకృష్ణ కిందే పనిచేస్తాడు, ఏటా అతని పనికి మార్కులు వేసేది రాధాకృష్ణే.

"ఒక్క మబ్బు లేదన్నా ఇయ్యాల. ఐసంతా కరిగిపోతాంది." అంతలోనే రాధాకృష్ణ నిండు గ్లాసును సింకులో వంచడం చూశాడు. "అయ్యో, ఎందుకు పారబోస్తున్నవ్? బంగారం లెక్క మెరుస్తాంది కదన్నా!"

"నీ రివ్యూ ఎప్పుడు?"

"వచ్చే వారం."

"అందుకే మెరుస్తోంది."

"అట్ల కాదన్నా, నా పిల్లల మీద ఒట్టు..."

"పిల్లలేం చేశారయ్యా మధ్యలో!"

రాధాకృష్ణకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లోవాళ్లూ బయటివాళ్లూ ఒకటే పాట. సాయంత్రం ఇంకో పదిహేను మంది మొహాన నవ్వు పులుముకుని ఇదే పాట పాడతారు. ఆ తర్వాత కుండీల వెనక గ్లాసులు ఏరుకోవాల్సింది తను.

ఫ్రిజ్‌లోంచి పీపా ఊడబీకాడు. చంటిపిల్లాడిలా కావలించుకుని వాకిట్లోకి మోశాడు. గాలి వదిలేసి, మూత తీసి, గడ్డి మీదికి వంచాడు.

"వద్దండీ!" లక్ష్మి గరాజ్ గడప దాకా పరుగెత్తుకొచ్చి ఆగిపోయింది. కౌస్తుభ్ చెయ్యి అడ్డం పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

అయిదు గ్యాలన్లు. రెండు నెలల పని. నురగ గడ్డి మొదళ్లలో కాసేపు బుసబుసలాడి ఇంకిపోయింది.

"కొట్లోంచి నాలుగు కేసులు పట్రా," అన్నాడు కౌస్తుభ్‌తో. "ఎవడో చేసింది ఎలా ఉన్నా మనకి సిగ్గుండదు."

"ముందు అన్నం తిందురుగాని రండి," అంది లక్ష్మి.

నలుగురికీ కంచాలు పెట్టింది. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు. వడియం విరిగిన చప్పుడు కూడా పెద్దగా వినపడుతోంది. రాధాకృష్ణకు పొలమారింది. భవిత కొత్త మంచినీళ్ల సీసా సీలు తెంచి, గ్లాసు నింపి, తండ్రి ముందుకి జరిపింది.

రాధాకృష్ణ ఆ నీళ్లను కిటికీ వెలుతురుకెత్తి చూసి, "ఇవి కూడా తేరలేదు," అని గ్లాసు పక్కకు నెట్టేశాడు.