ఉత్తుత్తి పిండికట్టు

హోటల్ గది తలుపు మూసీ మూయకముందే బొక్‌సున్ కుడిచేతి పిండికట్టును మేజోడు లాగినంత తేలిగ్గా లాగేసి మంచం మీదికి విసిరింది.

"అమ్మయ్య! రెండు రోజులుగా దురద చంపేస్తోందండీ!"

ఆమె మొగుడు మన్‌సిక్ పడీ పడీ నవ్వాడు. "ఎముక ఇంత తొందరగా అతుక్కోవడం ఎక్కడా విన్లేదోయ్!"

ఆ కట్టు ఆన్‌లైన్‌లో కొన్నది. పెద్దలకి పెట్టుకునే చుసొక్ పండగ దగ్గరపడితే చాలు, కొరియాలో ఇలాంటి ఉత్తుత్తి కట్లు వేడి పకోడీల్లా అమ్ముడుపోతాయి. చెయ్యి విరిగిన మనిషిని ఎవరూ అట్లు వెయ్యమనరు కదా! ఆ మనిషిని చూసుకోవడానికి మొగుడూ ఉండిపోవాల్సిందే కదా!

వాళ్ళ పండగ జరిగేది సియోల్‌లో, జనరల్ ఇంట్లో. ఆమె అసలు పేరు వేరే ఉందిలెండి. పండగపూట ఆమె మాటే శాసనం కనక వెనకాల మొగుడూ పెళ్ళాలిద్దరూ అలా అనుకుంటారు. పెద్దలకి పెట్టే బల్ల మీద బేరిపండ్లు ఎటు, చేప తల ఎటు అన్నీ కాగితం మీద గీసి గోడకి అంటించే రకం. ఏటా రైలెక్కి అక్కడికి వెళ్ళి, రెండు రోజులు నూనె మూకుడు ముందు కూలబడి చేప అట్లు, గుమ్మడికాయ అట్లు వెయ్యడం బొక్‌సున్ వంతు. ఈసారి నడుం "నా వల్ల కాదు" అంది. నోరేమో "చెయ్యి విరిగింది" అంది.

"నిజం తెలిసిందా, ఇక ఈ జన్మలో ఆమె ముందు తలెత్తుకోలేను" అంది బొక్‌సున్.

"ఎలా తెలుస్తుంది? సియోల్ ఎక్కడ, ఈ సొక్చో సముద్రం ఎక్కడ?"

"ఇంతకీ ఈ హోటల్ సంగతి మీకెవరు చెప్పారు?"

"జనరల్ ఇంట్లో ఫ్రిజ్ మీద దీని కాగితం అంటించి ఉంటే ఫొటో తీసుకున్నా."

"హవ్వ! ఆమెకి తెలిసిన చోటికే తెచ్చారా? కొంప ముంచారు కదండీ!"

"పండగ మానేసి జనరల్ వస్తుందా? సూర్యుడు పడమట పొడిచినా రాదు. పద పద, అల చూడు ఎంతుందో!"

పన్నెండు గదుల చిన్న హోటల్ అది. మెట్లు దిగితే ఇసకే. మన్‌సిక్ సంచీలోంచి ఒకేలాంటి రెండు చొక్కాలు తీశాడు. రెండింటి మీదా ఎర్ర పీత బొమ్మ. "సిగ్గు లేకపోతే సరి" అంటూనే బొక్‌సున్ ముందు తనే తొడుక్కుంది. సెప్టెంబరు నీళ్ళు కాళ్ళని కొరికేశాయి. ఇద్దరూ కేకలు పెట్టారు. కాల్చిన ఆల్చిప్పలు ఆగలేక వేడివేడిగా మింగి నాలుకలు కాల్చుకున్నారు.

"కొత్తగా పెళ్ళయిందా ఏంటి?" అంటూ హోటలామె ఆట పట్టించింది.

"మొన్ననే" అన్నాడు మన్‌సిక్. బొక్‌సున్ అతని డొక్కలో ఒక్కటి పొడిచింది.

సాయంత్రం గదిలో ఉండగా ఫోను మోగింది. వీడియో కాల్. జనరల్!

"కట్టేదీ? కట్టు ఎక్కడండీ?"

దుప్పట్లు ఎగిరాయి, తలగడలు దొర్లాయి. చివరికి మంచం కింద దొరికింది. తొడుక్కుని ఫోను ఎత్తేసరికి తెర నిండా జనరల్ మొహమే. నొప్పి తగ్గిందా అని అడిగింది. అడుగుతూనే కళ్ళు చిట్లించింది. మొన్న పంపిన ఫొటోలో కట్టు కుడిచేతికి కదా ఉందని ఆరా తీసింది.

బొక్‌సున్ కిందికి చూసుకుంది. ఎడమ చెయ్యి!

"అదా... వీడియోలో అన్నీ అద్దంలోలా తిరగబడి కనిపిస్తాయి కదా!"

మన్‌సిక్ తలగడ కొరుకుతూ నేల మీద కూలబడ్డాడు.

"ఆ హోరేంటి?" అని రెండో ప్రశ్న.

"వాషింగ్ మెషీన్. పాతదైపోయింది. నేనొచ్చి ఉంటే కనీసం అట్లయినా వేసేదాన్ని... పాపం, ఎంత పనో!" అంటూ బొక్‌సున్ గొంతు వణికించి ఫోను పెట్టేసింది. తర్వాత పది నిమిషాలు ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

మర్నాడే పండగ. పొద్దున్నే జనరల్ ఒక ఫొటో పంపింది. బల్ల నిండా నైవేద్యాలు. కింద, ఏ లోటూ జరగలేదనీ దిగులు పెట్టుకోవద్దనీ రాసింది.

బొక్‌సున్ ఫొటోని పెద్దది చేసి చూసింది. నవ్వు మాయమైంది.

"చూడండి, అట్లు అచ్చం నేను పేర్చినట్టే పేర్చింది. నా చెయ్యి పడకుండా ఇంత పనీ ఒక్కతే చేసుకుందండీ! నాకు సిగ్గుగా ఉంది. మధ్యాహ్నం బస్సుకే వెళ్ళి నిజం చెప్పేస్తాను. తిడితే తిట్టనీ."

"చెబుదువుగానిలే. ముందు ఒక్క ఆట ఆడు."

హోటలామె బయట చాప పరిచి, పండగ కదా అని పుల్లలాట పెట్టింది. నాలుగు కర్రపుల్లలు ఎగరెయ్యడమే ఆట. బొక్‌సున్ అయిష్టంగానే కూర్చుంది. రెండు పందేలకే మోకాళ్ళ మీద లేచింది. మూడోసారి కుడిచెయ్యి గిర్రున తిప్పి విసిరింది. నాలుగు పుల్లలూ బోర్లా పడ్డాయి. అంతకంటే పెద్ద పందెం లేదు!

"గెలిచా! గెలిచానండీ!" కుడిచెయ్యి ఆకాశానికెత్తి గంతులేస్తూ గిర్రున తిరిగింది. తిరిగినది తిరిగినట్టే ఆగిపోయింది.

గేటు దగ్గర జనరల్! వెడల్పాటి ఎండటోపీ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో ఐస్‌క్రీం. వెనకే ఆమె మొగుడు, నడుముకి బాతు ట్యూబుతో.

మన్‌సిక్ ఆ ఎత్తిన చేతిని కిందికి లాగబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. బొక్‌సున్ చెయ్యి వెనక దాచుకుంది. అయిపోయింది, ఇక నలుగురిలో కడిగి పారేస్తుంది అనుకుని కళ్ళు మూసుకుంది.

ఐస్‌క్రీం ఇసకలో పడిపోగా, జనరల్ నడుం విరిగేలా వంగి, ఏడుపు గొంతుతో అంది: "తప్పయిపోయింది, ఆ ఫొటో నిరుటిది, ఈ ఒక్కసారికి క్షమించండి అత్తయ్యా!"