నాయన వేషం

ఏమప్పా భానూ, మీ నాయన మీద అలిగొచ్చి ఇక్కడ కూర్చున్నావా? మూతి చూడు, సంతలో ఎవరూ కొనకుండా వదిలేసిన గుమ్మడికాయలాగా! పగ తీర్చుకోవాలా? తీర్చుకో, నేనేం వద్దనను. ముందు నందీశ్ ఎట్లా తీర్చుకున్నాడో విను.

నందీశ్ ఒళ్ళంతా సబ్బు పూసుకుని ఉండగా వాళ్ళ నాయన గీజరు ఆపేశాడు.

"నాయనా! సన్నీళ్ళు వస్తాండాయి!"

"వస్తాండేది నీళ్ళే గదరా? మా మండీలో హమాలీలు చలికాలం గూడా బోరు కిందే పోసుకుంటారు," అన్నాడు బయటినుంచి కొండప్ప.

కొండప్పకు చింతామణిలో టమాటా మండీ. కొడుకు నందీశ్ బెంగళూరులో అడ్వర్టైజ్‌మెంట్లు తీసేవాడు. కంపెనీ మూతపడింది. ముప్పై దాటిన వయసులో, ఒక బ్యాగుతో మళ్ళీ నాయన ఇంట్లో దిగాడు.

ఆ రోజునుంచి ఫ్యాను వేస్తే ఒక మాట. రెండోసారి ముద్ద పెట్టించుకుంటే ఒక మాట.

ఇంటికెవరొచ్చినా కొడుకును చూపించి, "బెంగళూరుకు పంపిస్తే వాపసొచ్చిన లోడప్పా ఇది," అనేవాడు కొండప్ప. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆ సబ్బు కళ్ళలో మండుతుండగానే నందీశ్ తీర్మానించుకున్నాడు.

సినిమా తీస్తాను. నాయన ఇంటికి తిరిగొచ్చిన కొడుకు కథ. ఆ నాయన ఎప్పుడు పోతాడా అని కొడుకు ఎదురుచూస్తుంటాడు. ఆయన పోడు. పేరు 'మా నాయన సావడు'. ఊళ్ళో ఫంక్షన్లు జరిగే సముదాయ భవనలో తెర కట్టి, మండీవాళ్ళనూ చుట్టాలనూ పిలిచి, కొండప్పను ముందు వరసలో కూర్చోబెట్టి చూపిస్తాను. అందరూ నవ్వాలి. ఆయన తలెత్తకూడదు.

"ఇది సినిమానా, సుపారీనా?" అంది సహన. ఆమె బెంగళూరు స్నేహితురాలు, కెమెరా పట్టడానికి వచ్చింది.

"రెండూ," అన్నాడు నందీశ్.

నాయన వేషానికి మనిషి కావాలి. సహనే వెతికి ఆంజనేయప్పను పట్టుకొచ్చింది. సోమేనహళ్ళి ముసలాయన. ఊరి నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు.

"మా నాయన ఎట్లుంటాడో చూద్దువు రా, మండీకి పోదాం," అన్నాడు నందీశ్.

"వద్దులేప్పా. నేర్పించేకి నువ్వుండావు గదా," అన్నాడు ఆంజనేయప్ప.

బాగేపల్లి దగ్గర ఒక పాత ఇంట్లో షూటింగు. లైట్లు మోయడానికి కొండప్ప మండీ హమాలీలే వచ్చారు.

"ఏమయ్యా, ఇది మీ ఊరి నాటకం కాదు. అట్ల అరస్తే చెవులు పగుల్తాయి!" అన్నాడు నందీశ్, ఆంజనేయప్ప మొదటి డైలాగుకే.

ముసలాయన గొంతు తగ్గించాడు.

"అదేమి గుసగుస? నీ గొంతు నీకైనా వినబడతాందా?"

ముసలాయన కుర్చీ అడిగాడు.

"కూకుంటే నిద్రపోతావు. నిలబడు."

ఇంకొంచెం టీ అడిగాడు.

"తాగింది చాల్లే. ముందు డైలాగు రానీ."

చూడ్డానికి ఎవరైనా వస్తే, "నాకు దొరికిన రాజు ఈయనేనప్పా. కిరీటం యాడ తాకట్టు పెట్టినాడో," అనేవాడు నందీశ్. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

"పెద్దాయనరా, కొంచెం మర్యాదగా మాట్లాడు," అంది సహన.

"మర్యాద చేస్తా కూకుంటే పని యాడ నేర్చుకుంటారు?"

ఆంజనేయప్ప మాత్రం, "సరేప్పా," అనేవాడు. అని, నందీశ్ వంక తదేకంగా చూసేవాడు.

తర్వాతి షాట్‌లో అదరగొట్టేసేవాడు!

మాటలు నందీశ్ రాసినవే. కానీ వేలు ఆడించడం, మాటకు ముందు ముక్కుతో ఒక చిన్న నవ్వు, ఎదుటివాడు చెబుతుండగానే మొహం పక్కకు తిప్పేయడం, అవన్నీ ముసలాయన సొంతం.

"నాయనే! అచ్చం మా నాయనే!" అని నందీశ్ తొడ కొట్టుకున్నాడు.

ఆదివారం సముదాయ భవన కిటకిటలాడింది. వేదిక మీద నందీశ్ అందరి పేర్లూ చదివాడు, లైట్లు మోసినవాళ్ళతో సహా. ఆంజనేయప్పను పిలవలేదు. ఆయన వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సినిమా మొదలైంది.

తెర మీద నాయన మొదటిసారి వేలు ఆడించాడు. హాలంతా ఘొల్లుమంది.

నందీశ్ తెర చూడలేదు. ముందు వరసలో నాయన వీపునే చూశాడు. ఆ భుజాలు కదులుతున్నాయి.

ఏడుస్తున్నాడు! ఇన్నాళ్ళ మంట చల్లారింది నందీశ్‌కు.

కొండప్ప వెనక్కి తిరిగాడు. ఏడవడం లేదు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

హమాలీలు కూడా తిరిగి నందీశ్‌నే చూసి, ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. డైరెక్టరును మెచ్చుకుంటున్నారనుకుని నందీశ్ చేతులు జోడించాడు. ఇంకా నవ్వారు.

ఆట అయ్యాక నందీశ్ పళ్ళు బిగించి నాయన ముందు నిలబడ్డాడు.

"కోపం రాలేదా నీకు?"

"నాకెందుకొస్తాదిరా కోపం? ఆ ముసిలాయన ఎవరోగానీ, ఎంత బాగా పట్టినాడప్పా!" అని తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు కొండప్ప.

ఎవరోగానీ?

నందీశ్ బస్టాండుకు పరిగెత్తాడు. ముసలాయన ఊరివైపు పోయే గుడిబండ బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన ఆంజనేయప్ప.

"ఏమప్పా! మా నాయన్ని నువ్వు యాడ చూసినావు? ఆ వేలు, ఆ నవ్వు... అంత సరిగ్గా ఎట్ల వచ్చె నీకు?"

ఆంజనేయప్ప ముక్కుతో చిన్నగా నవ్వాడు.

"మీ నాయన్ని నేను ఈ పొద్దు వరకూ చూసిందే లేదప్పా. దినామూ నా ముందర నిలబడి నువ్వు చేసి చూపిస్తాంటివి, నేను నిన్నే చేసినా."