తెరకెక్కని మాట

తెర మీద ‘మాటలు’ అని పడింది. దాని కింద వేరెవరి పేరో ఉంది.

ముత్యం ఆరణాల బెంచీ మీంచి సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. పేర్లన్నీ అయిపోయి ఏరూ పడవా కనిపించేదాకా రెప్ప వేయకుండా చూశాడు. అతని పేరు రాలేదు.

“ఏదయ్యా నీ పేరు?” చదువు రాని కొమురవ్వ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

“లేదు.”

“సరింగ సూసినవా?”

“నా పేరు నాకు తెల్వదా!”

మద్రాసు కంపెనీ ముత్యంతో సగం సినిమా రాయించుకుంది. తర్వాత పేరున్న రచయిత దొరికాడని రైలు ఛార్జీ చేతిలో పెట్టి సాగనంపింది. కాగితం లేదు, సంతకం లేదు. సినిమావాళ్ళ హామీ నీటి మీద రాత! తెర మీద పేరు మాత్రం వేస్తామన్నారు. పేరు పడితేనే ఇంకో కంపెనీ పిలుస్తుంది. అందుకే ఈ సినిమా కరీంనగర్ ఎప్పుడొస్తుందా అని ఆర్నెల్లుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూశాడు. పేరు పడితే కొండగట్టుకు నడిచొస్తానని మొక్కుకున్నాడు కూడా, పాపం.

కాసేపటికి నాయిక దూరాన ఉన్న భర్తకు ఉత్తరం రాస్తూ పైకి చదివింది. “మీరు విడిచివెళ్ళిన చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. ఊడ్చినప్పుడల్లా పక్కకు జరిపి, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.”

హాలంతా ముక్కులు చీదింది. ముందు వరసలో ఓ ముసలామె “అయ్యో బిడ్డా!” అని పైకే ఏడ్చింది.

“గివి నేను రాసినయే! ఒక్కక్షరం గూడ మార్వలే!” ముత్యం పళ్ళు కొరికాడు.

ఇంటర్వెల్‌లో బయటికొచ్చి బీడీ నోట్లో పెట్టుకున్నాడు.

“పొద్దుగాల బస్సుకే మద్రాసు పోత. గా ప్రొడ్యూసర్ గల్ల పట్టి అడుగుత.”

“మల్ల పోతవా?” అంది కొమురవ్వ. నాలుగేళ్ళు ఒంటరిగా ఇల్లు కనిపెట్టుకుని ఉన్న మనిషి. వచ్చిన మొగుణ్ణి ఇంకా కరువుతీరా చూసుకోనేలేదు.

“పోకుంటెట్ల? గవి నా మాటలు.”

“నీ మాటలా?”

ముత్యం కాస్త నీళ్ళు నమిలాడు. “నీయే అనుకో. నువ్వు పంపిన కార్డులల్లయే. సదివి ఏడ్సిన, ఏడ్సుకుంటనే సినిమాల రాసిన. ఎవలితోని రాపిచ్చినా మాట నీదే గదా. ఆలుమొగల నడుమ నీది నాది ఏముంటది?”

“చెప్పుల ముచ్చట నేనెన్నడు చెప్పలే.”

“చెప్పలేదా?” ముత్యం అగ్గిపుల్ల గీశాడు.

“నీకున్నది ఒక్క జత. గది ఏస్కొనే పోతివి.”

ముత్యం చేతిలో అగ్గిపుల్ల కాలి వేలికి చురుక్కుమంది.

“మరెవలు రాసిండ్రు?”

“పోస్టాఫీసు కాడ కార్డులు రాసే భూమన్న. కార్డు ఖాళీగ పోతే తనకు నామోషి అంటడు. నేను చెప్పింది రాసి, మిగిలిన జాగంత తనే నింపుతుండె.”

“మరి నువ్వేం చెప్పినవే?”

ఆట మళ్ళీ మొదలవుతోందని లోపల గంట కొట్టారు. జనం తోసుకుంటూ వెళ్తున్నారు. కొమురవ్వ కదల్లేదు.

“ఇంటికి రమ్మని చెప్పిన. నాలుగేండ్లు, కార్డు కార్డుకు గదొక్కటే చెప్పిన. గా ఒక్కమాట ఇడిసిపెట్టి, మిగిలినయన్నీ సినిమాల రాసినవ్.”